వగరు

అమ్మకు ఆపరేషన్ అయిన మూడో రోజు డాక్టరు గారు "ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చు" అన్నారు. మా మేనమామ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "మా చర్మం ఒలిచి చెప్పులు కుట్టిచ్చినా మీ రుణం తీరదు సారూ" అన్నాడు. మామ కళ్లలో నీళ్లు. డాక్టరు గారు ఆయన భుజం తట్టి వెళ్లిపోయారు. పక్కనే నిలబడ్డ నాయిన మాత్రం ఏదో ఆలోచనలో పడ్డాడు. జనగామ బస్సెక్కి, టికెట్లు తీసుకుని, భువనగిరి దాటి, ఆలేరు కూడా దాటాక అడిగాడు.

"ఒలిస్తె చెప్పులైతయా బిడ్డా?"

నాకు వెంటనే అందలేదు.

"తోలు ఒలుసుడు ఒక పూట పని. ఒలిచిన తోలు ఒలిచినట్టే కుడ్తరా? నడుమ లంద లేదా? లందల ఏసెటోడు లేడా?"

నేను తెలుగు టీచర్ని. ఆ మాటను పిల్లలకు జాతీయం కింద ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సినిమాల్లో విన్నాను, సన్మాన సభల్లో విన్నాను, పెళ్లిళ్లలో వియ్యంకులు ఒకరికొకరు చెప్పుకుంటుంటే విన్నాను. 'ఒలిచి' అన్న మాటకూ 'కుట్టి' అన్న మాటకూ మధ్య రెండు నెలల పని ఉందని, అక్కడ మా తాత ఉన్నాడని నాకు తట్టలేదు. ఆ ఖాళీలోనే పుట్టి పెరిగిన ఇంటిదాన్ని నేను.

మా తాతకు నాలుగు లందలుండేవి. లంద అంటే తోళ్లు నానబెట్టే తొట్టి. రాయి కట్టి, సున్నంతో మెత్తిన గుంతలు అవి. మాదిగవాడ చివర, వాగు దిక్కున ఉండేవి. నేను ఊహ తెలిసి చూసేనాటికే రెండు పూడిపోయాయి. మిగతా రెంట్లో వాననీళ్లు నిలిచి కప్పలు ఉండేవి. నాయిన పద్దెనిమిదేళ్లకే ఆ పని వదిలి లారీ మీద క్లీనరుగా పోయాడు. పోవడమే మంచిదైందని నేనిప్పటికీ అనుకుంటాను. పుట్టుకను బట్టి ఒక మనిషి నెత్తిన పెట్టిన పని అది. కాదనే హక్కు లేని పని. కల్లం కాడ కొలిచి పోసే నాలుగు గింజల కోసం ఏడాదంతా ఊరికి చెప్పులు, వారులు, చెర్నకోలలు, మోట తొండాలు ఇచ్చుకోవాల్సిన పని. అది మళ్లీ రావాలని కోరుకునేదాన్ని కాను. కానీ ఆ పనిలో ఉన్న తెలివి ఎటు పోయింది? నాయిన చేతుల్లో ఉంది. నాయినకు డెబ్బై రెండేళ్లు. నాకు రాదు. నా తర్వాతివాళ్లకు అది ఒకటి ఉండేదన్న సంగతే తెలియదు.

బస్సులో అడిగిన ఆ ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. వానాకాలం వెళ్లిపోతుండగా మా వీధి చివరి ఇంటివాళ్ల బర్రె ఈనలేక చచ్చిపోయింది. పశువుల డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. గుంత తవ్వించడానికి వాళ్లు మనుషుల్ని వెతుకుతున్నారని తెలిసి నేనే నాయిన్ను అడిగాను, "ఒక్క తోలు, మనింట్లో, నీకు యాదికున్నట్టు చేద్దామా?" అని. నాయిన చాలాసేపు పలకలేదు. తర్వాత కండువా వేసుకుని నా వెంట వచ్చాడు. ఆ ఇంటివాళ్లను ఆయన అడిగిన మొదటి మాట, "ముక్కులకెంచి నెత్తురు కారిందా?"

దొమ్మ రోగంతో పోయిన పశువు ముక్కు నుంచి, నోటి నుంచి గడ్డకట్టని నెత్తురు కారుతుంది. దాన్ని కోయకూడదు, ముట్టుకోకూడదు. ఆ సూక్ష్మజీవి మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుందని ఇవాళ పుస్తకాల్లో చదువుతాం. మా తాతకు సూక్ష్మజీవి తెలియదు. అట్లాంటి పశువు తోలు ముట్టి చేతుల మీద నల్లటి పుండ్లు లేచి చచ్చిపోయిన మనుషులు తెలుసు. డాక్టరు చూసి వెళ్లాడని, కాన్పు కష్టమే కారణమని ఇంటివాళ్లు రెండుసార్లు చెప్పాకే నాయిన పశువు దగ్గరికి నడిచాడు.

ఒలిచే పనిలో కత్తి తక్కువ, పిడికిలి ఎక్కువ. కాళ్ల దగ్గరా, పొట్ట మీదా గీత పెట్టేదాకే కత్తి. ఆ తర్వాత పిడికిలిని తోలుకూ కండకూ మధ్య దూర్చి నెట్టుకుంటూ పోవాలి. కత్తి ఆత్రపడితే తోలు లోపలివైపు గాటు పడుతుంది. ఆ గాటు అప్పుడు కనిపించదు. చెప్పు కుట్టి వేసుకున్న మూడో నెలకు అక్కడే తెగుతుంది. మా వాడ నుంచి ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు వచ్చారు. నలభై ఏళ్లయింది వాళ్లు ఈ పని చేసి. ముగ్గురూ మాట్లాడుకోలేదు. ఎవరు ఎటు పట్టాలో, ఎప్పుడు పొర్లించాలో చేతులకే గుర్తుంది.

బర్రె తోలు ఎంత బరువుంటుందో మోస్తే తప్ప తెలియదు. ముప్పై కిలోలకు తక్కువ లేదు. తడి గొంగడి నాలుగు మడతలేసి భుజాన వేసుకున్నట్టుంది. పెరట్లో పరదా పరిచి, తోలు లోపలివైపు పైకి వచ్చేట్టు వేసి, పదిహేను కిలోల దొడ్డుప్పు చల్లి రుద్దాం. పశువు పోయిన క్షణం నుంచే కుళ్లు మొదలవుతుంది. ఉప్పు దానికి అడ్డం. తోలులోని నీరు ఉప్పుకు ఊరి వాగులా పరదా అంచుకు కారింది. పొట్టవైపు ఒక మడత విప్పకుండా వదిలేశాను. నాయిన చెప్పాడు కూడా, "మూల మూలకు అందాలె" అని. చీకటి పడుతోంది, నడుం నొప్పి పుట్టింది, వదిలేశాను. మూడో రోజు చూస్తే ఆ మడతలో అరచేయంత మేర వెంట్రుకలు చేతికి ఊడి వచ్చాయి. కింద తోలు జిగురుగా ఉంది. నాయిన ఏమీ అనలేదు. రంపె తెచ్చి ఆ ముక్క కోసి పారేశాడు. ఆ తోలుకు ఇప్పటికీ అక్కడ బొక్క ఉంది.

తర్వాత ఒక రోజు మంచినీళ్లలో ఉప్పు వదిలేదాకా నానబెట్టి, సున్నపు నీళ్లలో వేశాం. లంద లేదు కాబట్టి రెండు వందల లీటర్ల నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కొన్నాను. సున్నం పని చెప్పుకోవడానికి ఇంపుగా ఉండదు. పది పన్నెండు రోజులు రోజూ తోలు బయటికి లాగి, నీళ్లు కలియబెట్టి మళ్లీ వేయాలి. సున్నం వెంట్రుకల కుదుళ్లను వదులు చేస్తుంది. తోలును ఉబ్బిస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా నేనా పని చేయలేదు. తాతకు అవేవీ లేవు. ఆయన గోళ్లు సగం దాకా కొరికేసినట్టుండేవి. ఎందుకట్లున్నాయని చిన్నప్పుడు అడిగితే, "సున్నం తిన్నది బిడ్డా" అన్నాడు. ఆకలైన పసిపిల్ల తిన్నదన్నట్టు చెప్పాడు.

వీధిలో కిటికీలు మూసుకున్నది ఆ పన్నెండు రోజులే. వాసన వచ్చింది, నిజమే. సున్నపు తొట్టి వాసన ఎవరికీ ఇష్టం కాదు, మాకూ కాదు. కానీ ఆ మూసిన కిటికీలను చూస్తుంటే ఒక సంగతి తెలిసింది. మా వాడ గురించి ఊరు చెప్పుకున్నదంతా ఈ పన్నెండు రోజుల వాసన మీదే నిలబడింది. ఆ తర్వాతి నెలలు ఎవరూ చూడలేదు.

వెంట్రుకలు తీసేది, లోపలివైపు కండ గీకేది ఏటవాలుగా పెట్టిన మొద్దు మీద. తోలును దాని మీద పరిచి, పొట్టతో అదిమిపట్టి, రెండు చేతులా పట్టుకునే మొండి కత్తితో పైనుంచి కిందికి నెట్టాలి. నేను గీకుతుంటే నాయిన చూసి, "గట్ల పొడవకు బిడ్డా, అద్దు. కత్తి పండుకోవాలె" అన్నాడు. కత్తి పడుకోవడం అంటే ఏమిటో రెండో రోజు సాయంత్రానికి గానీ తెలియలేదు. ఒక కోణం ఉంది. దానికి దించితే కండ పొరలు పొరలుగా లేచి వస్తుంది. అంతకంటే లేపితే తోలు తెగుతుంది, పడుకోబెడితే జారుతుంది. అది మాటల్లో చెప్పగలిగేది కాదు. నాయిన నా మణికట్టు పట్టుకుని ఒక్కసారి నెట్టించాడు. అంతే, వచ్చేసింది.

సున్నం పోవడానికి నీళ్లలో కడిగి కడిగి, చివరికి పులిసిన తవుడు నీళ్లలో వేశాం. పులుపు సున్నాన్ని విరుస్తుంది. ఉబ్బిన తోలు మళ్లీ మెత్తబడి కిందికి జారింది. నాయిన బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాడు. వేలి గుర్తు గుంటగా అట్లాగే నిలిచింది. "అయింది. ఇగ తంగేడు" అన్నాడు.

తంగేడు మా దిక్కున బీళ్లనిండా ఉంటుంది. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగుతో పాటు చేయి ముందు దానికే పోతుంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది దాన్నే. పువ్వు అందరికీ తెలుసు. చెక్క సంగతి మా వాడకు తెలుసు. కొమ్మలు నరికి, కర్రతో మోదితే బెరడు గొట్టంలా ఊడి వస్తుంది. ఎండబెట్టి దంచితే అదే తోలుకు మందు. అందులో సుమారు 18 శాతం తోలును పండించే వగరు పదార్థం ఉంటుంది. మన దిక్కు చెట్ల బెరళ్లలో అది చాలా ఎక్కువ. చెట్టును మొదలంటా నరికినా ఏడాదికి మళ్లీ పొదై లేస్తుంది. నాయిన చిన్నప్పుడు బతుకమ్మ పండుగ రోజుల్లో తాత చెల్కల్లోంచి మోపులు తెచ్చేవాడట. పూలున్న కొసలు ఆడపిల్లలకు, కింది కట్టెలు లందలకు. మా అత్తలు పేర్చిన బతుకమ్మకూ మా తాత పండించిన తోలుకూ చెట్టు ఒక్కటే. నేనేమీ దీన్ని కల్పించి చెప్పడం లేదు. ఒక్క మోపులోంచి రెండూ వచ్చాయి.

తోలెంత బరువో దంచిన చెక్క అంతకు తక్కువ పట్టదు. మాకు తంగేడు ఇరవై కిలోలే దొరికింది. గాలికి పడిపోయిన ఒక నల్లతుమ్మ బెరడు ఒలిచి మిగతాది సర్దుకున్నాం. కరక్కాయలు మాత్రం జనగామలో పచారీ కొట్లో కొన్నాను.

ఇప్పుడు వగరు గురించి చెప్పాలి. మనకు ఆరు రుచులు. ఉగాది పచ్చడిలో ఆరూ ఉండాలంటాం. తీపి కోసం నాలుక చాస్తాం, పులుపుకు నోరూరుతుంది, చేదును కూడా మందనుకుని మింగుతాం. వగరును ఎవరూ అడగరు. పచ్చి అరటికాయ కొరికినప్పుడో, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నప్పుడో నాలుక పట్టేసినట్టు, నోట్లో తడి అంతా గుంజేసినట్టు అవుతుందే, అదే వగరు. నిజానికి అది రుచి కంటే స్పర్శ. చెట్టులోని ఆ పదార్థం మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టి కూడగడుతుంది, అందుకే నోరు గరుకవుతుంది. తోలు మీద అది చేసే పనీ అదే. తోలు అంటే సన్నని పోగుల అల్లిక. పచ్చిగా ఉన్నప్పుడు ఆ పోగుల నిండా నీరే. నీరు ఉన్నచోట కుళ్లు చేరుతుంది. వగరు పదార్థం ఒక్కొక్క పోగు పక్కకూ చేరి, నీటిని నెట్టేసి, పోగునూ పోగునూ కలిపి పట్టుకుంటుంది. అట్లా పట్టుకున్నాక కుళ్లుకు అక్కడ తినడానికి ఏమీ దొరకదు. పచ్చి తోలును ఊరికే ఎండబెడితే రేకులాగా అవుతుంది, మళ్లీ తడిస్తే కుళ్లుతుంది. డప్పు మీద మూసేది అట్లాంటి పచ్చి తోలునే. అందుకే వానకు సాగుతుంది, మంట మీద కాపితే బిగుస్తుంది. చెప్పుకు అది పనికిరాదు. డప్పు పచ్చి తోలు, చెప్పు పండిన తోలు.

పండడం అన్న మాట నాయినది. పరీక్ష పెట్టేటప్పుడల్లా అదే మాట. మొదటి డ్రమ్ములో నీళ్లు చాయ నీళ్లలా పలచగా పెట్టాడు. ముప్పై కిలోల తోలుకు ఇంత పలచని నీళ్లా అని నాకు అనిపించింది. ఎక్కువ చెక్క వేస్తే తొందరగా అవుతుంది కదా అన్నాను.

"చిక్కటి నీళ్లల్ల ముందుగాలనే ఏస్తె పైపైన పండుతది, లోపల పచ్చిగనే ఉంటది. పైన పండినంక ఇగ లోపలికి నీళ్లు పోనియ్యది. లోపల కుళ్లుతది. పైకి మంచిగనే కనవడ్తది."

అది రసాయన శాస్త్రం కూడా ఒప్పుకునే మాట. పైపొరలో పోగులు ఒక్కసారిగా బిగిసిపోతే లోపలికి దారి మూసుకుపోతుంది. కాబట్టి వారం పలచటి నీళ్లు. తర్వాత కాస్త చిక్కగా. ఆ తర్వాత ఇంకాస్త. పూర్వం లందలున్నప్పుడు పాత తోళ్లు తాగి వదిలిన నీళ్లే కొత్త తోలుకు మొదటి నీళ్లు. తోలు ఒక లంద నుంచి ఇంకో లందకు, పలచనివాటి నుంచి చిక్కనివాటికి నడిచేది. నాలుగు లందలు ఎందుకుండేవో నాకప్పుడు తెలిసింది.

ఆఖర్న తాత ఇంకో పని చేసేవాడని నాయిన చెప్పాడు. తోలును నారతో సంచిలా కుట్టి, మెడ దిక్కు తెరిచి, చింతచెట్టు కొమ్మకు వేలాడదీసేవాడు. దంచిన చెక్క లోపల నింపి పైదాకా నీళ్లు పోస్తే, ఆ నీళ్లు తోలులోంచే చెమటలా ఊరి కింద కుండలోకి చుక్క చుక్క కారేవి. కుండ నిండగానే ఎత్తి మళ్లీ పైన పోయాలి. రాత్రి కూడా. ఆ పని పిల్లలది. నిద్రమత్తులో కుండ ఎత్తి చూస్తే వెన్నెల్లో తల లేని పశువు నిలబడి ఉన్నట్టుండేదట. "బయమయ్యేది. గని కుండ నిండితె పొర్లిపోతది, పొర్లితె అయ్య కొడ్తడు" అన్నాడు. ఏడేళ్ల నాయిన అర్ధరాత్రి చింతచెట్టు కింద కుండ ఎత్తుతున్న ఆ బొమ్మ నా మనసు నుంచి పోవడం లేదు.

ఆ సంచి తోలు ఎక్కువగా పోయేది మోట తొండాలకు. ఈ సంగతి దగ్గర నేను కాసేపు ఆగాలి. కరెంటు మోటార్లు రాకముందు మా దిక్కు బావుల కింది వరి అంతా మోట మీదే పండింది. తెల్లవారకముందే ఎడ్లను కట్టి, మోకు గుంజుతుంటే, బొక్కెన బావిలో మునిగి నిండి పైకి వచ్చి, తోలు తొండంలోంచి తొట్లోకి నీళ్లు దూకేవి. పొద్దుగూకేదాకా అదే. తోలు అన్ని నీళ్లలో అన్ని రోజులు మునిగి తేలుతూ కుళ్లకుండా ఉండడం చిన్న సంగతి కాదు. ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1903లో మద్రాసులో క్రోమియం ఉప్పులతో తోలు పదును చేసే ప్రయత్నాలు మొదలుపెట్టినప్పుడు ఆయన చూపు పడిన వస్తువుల్లో ఈ మోట తోలు ఒకటి. తెల్లదొర అధికారి కూడా తలపట్టుకుని కూర్చున్న చిక్కును మా తాత తంగేడుతో, కానుగ నూనెతో నెట్టుకొచ్చాడు.

తాత పండించిన తోలు రోజుకు కొన్ని వందల సార్లు పటేలు బావిలో మునిగింది. ఆ నీళ్లు పొలానికి పారాయి, ఊరు తాగింది, గుడికి పోయాయి. తాత ఆ బావి గడ్డ ఎక్కలేదు. దప్పికైతే దూరంగా కూచుని దోసిలి పడితే ఎవరో పైనుంచి పోసేవారు. ఊళ్లో ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. నాయినకూ చిన్నప్పుడు కనిపించలేదట. తోలు పోగలిగిన చోటికి మనిషి పోలేకపోవడం గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించినా, గొంతులో ఆ కరక్కాయ ముక్కే అడ్డం పడుతుంది.

క్రోమియం పద్ధతికి లంద అక్కర్లేదు, నెలలు అక్కర్లేదు. ఒకటి రెండు రోజుల్లో తోలు పండుతుంది, మరిగే నీళ్లకు కూడా ముడుచుకోదు. ఇవాళ ప్రపంచంలో తోలు ఎక్కువ భాగం అట్లా తయారయ్యేదే. దాని వెల నీళ్లు చెల్లించాయి. తమిళనాడులో పాలారు ఒడ్డున రాణిపేట, ఆంబూరు దిక్కున భూమి, బావులు పాడైన సంగతి 1996లో సుప్రీంకోర్టు తీర్పుదాకా పోయింది. మద్రాసులోనే 1948లో పుట్టిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి పదమూడేళ్లు డైరెక్టరుగా ఉన్నది మన తెలుగాయనే, యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో రైతు ఇంట్లో పుట్టి, తోలును చదువుగా ఎంచుకున్నాడు. ఆయన మీద నాకు చాలా గౌరవం ఉంది. ముట్టుకోవడానికి ఊరు వెనకాడిన వస్తువును బల్ల మీద పెట్టి, ఇందులో విద్య ఉందని నలుగురితో అనిపించాడు. అట్లాంటి బల్ల ముందు కూర్చునే వీలు మా తాతకు ఏ ఊళ్లోనూ దొరకలేదన్నది వేరే బాధ.

మూడో వారంలో ఒక పొరపాటు చేశాను. తోలును తిప్పడానికి కర్ర కనిపించక వంటింట్లోంచి ఇనప గరిట తెచ్చాను. మర్నాడు చూస్తే గరిట తగిలిన చోటల్లా నీలినలుపు మరకలు. కడిగినా పోలేదు. వగరు నీళ్లకూ ఇనుముకూ పడదు. రెండూ కలిస్తే నలుపు పుడుతుంది. మా సారువాళ్ల చిన్నతనంలో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకున్నది ఇట్లాగే. నాయిన ఆ మరకలను వేలితో తడిమి, "రాసినట్టున్నది" అన్నాడు. నాయిన చదువు రెండో తరగతి.

తంగేడు నీళ్లలో పడ్డాక వాసన మారిపోయింది. తడిసిన మట్టి, కాచిన చాయపత్తా, కొంచెం బెల్లం కలిసినట్టు. మూసుకున్న కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎదురింటామె ఒకరోజు గోడ మీదుగా, "టీచరమ్మా, ఏం కాస్తున్నరు, కమ్మగ వస్తున్నది?" అని అడిగింది. పెరట్లోకి రమ్మన్నాను. వచ్చింది. డ్రమ్ములోకి తొంగి చూసి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకు వచ్చి, వేలు ముంచి రంగు చూసుకుంది. ఆ రంగు ఆమె వేలి మీద రెండు రోజులుందట. మా తాత అరచేతుల మీద చచ్చిపోయేదాకా ఉంది. కాడు మీద పడుకోబెట్టినప్పుడు కూడా ఆ చేతులు తంగేడు రంగులోనే ఉన్నాయని నాయిన అంటాడు. తోలుతో పాటు అవీ పండిపోయాయి.

నలభయ్యో రోజున నాయిన మెడ దిక్కు, అన్నిటికంటే మందమున్న చోట, రంపెతో చిన్న గాటు పెట్టి, అంచును వెలుతురుకు పట్టుకున్నాడు. పైనా కిందా గోధుమరంగు. నడుమ సన్నగా, దారమంత, తెల్లగీత. "పచ్చిగున్నది" అని మళ్లీ ముంచాడు. యాభై అయిదో రోజున ఆ గీత వెంట్రుకంత సన్నబడింది. "ఇంక?" అన్నాను. "ఇంక" అన్నాడు. సంక్రాంతి సెలవులు వచ్చాయి, అయిపోయాయి. డెబ్బై రెండో రోజున గాటు పెడితే ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే రంగు. నాయిన ఆ ముక్కను నోట్లో పెట్టుకుని కొరికి చూశాడు. నవ్వాడు. ఈ మొత్తం పనిలో ఆయన నవ్వింది అప్పుడే.

కరక్కాయ నీళ్లలో ఇంకో మూడు రోజులు ఉంచాం. ఒక్క తంగేడుతో పండిన తోలు ఎండ తగిలితే ఎర్రబడుతుంది, కరక్కాయ దాన్ని ఆపుతుంది. తర్వాత కడిగి, నీళ్లు పిండి, సగం తడి ఉండగానే కానుగ నూనె రుద్ది, నీడన వేలాడదీశాం. ఎండకు పెడితే పెళుసవుతుందని రోజూ నీడ జరిగినకొద్దీ నాయిన తోలును జరిపేవాడు. ఆరిన తోలు పచ్చి తోలులా బరువు లేదు. చేత్తో వంచితే కిర్రుమంది. ఆ చప్పుడు వినగానే నాయిన తలెత్తాడు. కిర్రుచెప్పులు అని ఊరంతా మురిసిపోయి తొడుక్కున్నవి ఆ చప్పుడువే.

పోయిన ఆదివారం మామ వచ్చాడు. తోలు చుట్టూ రెండుసార్లు తిరిగి, చేయి వేసి చూసి, ఏమీ అనకుండా అరుగు మీద కూచున్నాడు. నాయిన పాత సంచిలోంచి ఆరె, రంపె, గూటం తీశాడు. ఆరె పిడి తాత చేతికి అరిగి ఒక పక్కకు లోతు పడి ఉంది. తోలును నేల మీద పరిచి, వెన్ను ఎక్కడుందో చేత్తో తడిమాడు. వెన్ను మీది తోలు అన్నిటికంటే గట్టిది, సమంగా ఉంటుంది. పొట్టవైపుది సాగుతుంది, తొందరగా అరుగుతుంది. తాత కాలంలో వెన్ను ముక్క ఎప్పుడూ పటేలుకు, పట్వారీకి. పొట్టవైపు మిగిలిన పేలికలు అతికి ఇంటి పిల్లలకు. అవి కూడా గడి ముందు నుంచి పోయేటప్పుడు విడిచి చేత పట్టుకునేవాళ్లు.

నాయిన జేబులోంచి బొగ్గుముక్క తీసి, వెన్ను గీత మీద వేలు పెట్టి, నా వైపు చూశాడు.

"చెప్పులు విడిచి రా బిడ్డా. ఈడ అడుగు పెట్టు."

పెట్టాను. పాదం కింద తోలు చల్లగా ఉంది. మడమ దగ్గర మొదలుపెట్టి, బొటనవేలు చుట్టూ తిప్పి, బొగ్గు మళ్లీ మడమ దాకా వచ్చింది.

"రెండోది" అన్నాడు.